ముక్క పరీక్ష రాకముందే క్యాన్సర్ అనకండి

రొమ్ములో గడ్డ చేతికి తగిలిందంటే మన ఇళ్లలో సాధారణంగా రెండు మాటల్లో ఒకటి వినబడుతుంది. "ఏదో పాలగడ్డ అయి ఉంటుంది, అదే కరిగిపోతుందిలే" అనేది ఒకటి. "ఇంకేముంది, క్యాన్సరే" అనేది రెండోది. మొదటి మాట విన్న తల్లి ఆరు నెలలు ఇంట్లోనే ఉండిపోతుంది. రెండో మాట విన్న తల్లి అన్నం మానేసి మంచం పడుతుంది. ఇద్దరి విషయంలోనూ జరిగింది ఒకటే. పరీక్ష కాకముందే ఎవరో జబ్బుకు పేరు పెట్టేశారు.

మా నర్సింగ్ సిబ్బంది అందరి తరఫున ఈ పేజీలో మేము చెప్పదలచుకున్నది ఇదే. చేతికి తగిలిన గడ్డ ఒక అనుమానం. స్కానింగులోనో మామోగ్రామ్‌లోనో కనబడిన నీడ ఇంకొంచెం బలమైన అనుమానం. గడ్డలోంచి చిన్న ముక్క తీసి, దాన్ని మైక్రోస్కోపు కింద చూసి పాథాలజీ డాక్టరు రాసిన రిపోర్టు మాత్రమే నిర్ధారణ. ఆ రిపోర్టు వచ్చేవరకు "క్యాన్సర్" అని గాని, "ఏమీ లేదు" అని గాని అనే హక్కు ఇంట్లో వాళ్లకు లేదు, ఇరుగుపొరుగుకు లేదు, సంఘానికి లేదు, ఆసుపత్రిలో పనిచేసే మాకూ లేదు.

రొమ్ము క్యాన్సర్ చిన్న విషయమని మేము అనడం లేదు. మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో అదే మొదటి స్థానంలో ఉంది. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క సంవత్సరంలో సుమారు 1,92,000 మందికి కొత్తగా వచ్చింది, సుమారు 98,000 మంది చనిపోయారు. ఆలస్యంగా రావడమే ఈ మరణాలకు ఒక పెద్ద కారణం. కానీ రొమ్ములో గడ్డ ఉందని ఆసుపత్రికి వచ్చే స్త్రీలలో ఎక్కువమందికి అది క్యాన్సర్ కాదు. ఈ రెండు మాటలూ నిజమే. రెండిటినీ కలిపి గుర్తుంచుకోవాలి.

ఫోటోలో ఎందుకు ఒకేలా కనబడతాయి?

మామోగ్రామ్ అంటే రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి తీసే ఎక్స్‌రే. అందులో కొవ్వు నల్లగా, పాలగ్రంథులు తెల్లగా కనబడతాయి. గడ్డ కూడా తెల్లగానే కనబడుతుంది. చిన్న వయసులో రొమ్ము నిండా గ్రంథులే కాబట్టి తెల్లటి దాంట్లో తెల్లటి గడ్డను వెతకడం కష్టం. అందుకే వయసు తక్కువగా ఉన్న అమ్మాయిలకు డాక్టర్లు ముందు అల్ట్రాసౌండ్ స్కానింగ్ రాస్తారు.

ఫోటో చూసే డాక్టరు ముఖ్యంగా గడ్డ అంచులను చూస్తారు. అంచు నున్నగా, గుండ్రంగా ఉంటే మామూలు గడ్డ అయ్యే అవకాశం ఎక్కువ. అంచు గరుకుగా ఉండి, చుట్టూ కిరణాల్లాగా గీతలు పాకి ఉంటే క్యాన్సర్ అనుమానం వస్తుంది. క్యాన్సర్ పెరుగుతూ చుట్టుపక్కల కండను తనవైపు లాక్కుంటుంది కాబట్టి అలా కనబడుతుంది. అయితే శరీరంలో ఏ పుండు మానేటప్పుడైనా ఇదే జరుగుతుంది. మోకాలికి తగిలిన పెద్ద దెబ్బ మానాక చర్మం ముడుచుకుని లాగినట్టు ఉండటం మనందరం చూసిందే. రొమ్ము లోపల వాపు వచ్చి తగ్గినా, దెబ్బ తగిలి మానినా అలాంటి మచ్చే పడుతుంది, అదీ చుట్టూ ఉన్నదాన్ని లాగుతుంది. ఫోటోలో మచ్చ లాగిందా, క్యాన్సర్ లాగిందా అన్నది తెలియదు. అది యంత్రం లోపం కాదు, డాక్టరు చేతకానితనమూ కాదు. నీడను చూసి చెప్పగలిగింది అంతవరకే.

ఒక్కోసారి రొమ్ములో ఏమీ లేకపోయినా ఫోటోలో అనుమానం రావచ్చు. మన ఎండలకు స్నానం చేసి చంకల్లో, రొమ్ముల కింద పౌడరు వేసుకుని మామోగ్రామ్‌కు వచ్చేవారు ఉంటారు. ఆ పౌడరు రేణువులు ఎక్స్‌రేలో సున్నపు చుక్కల్లా తెల్లగా పడతాయి. కొన్ని రకాల క్యాన్సర్లు కూడా అలాంటి సన్నటి తెల్ల చుక్కలతోనే బయటపడతాయి. అందుకే ఆ రోజు పౌడరు, సెంటు, చంకలకు రాసుకునే క్రీములు వద్దని మేము పదే పదే చెబుతాం. 2021లో కోవిడ్ టీకాలు వేస్తున్నప్పుడు మరో వింత జరిగింది. టీకా వేసిన చేతివైపు చంకలో బిళ్లలు వాచి, మామోగ్రాముల్లో క్యాన్సర్ పాకినట్టు అనుమానం కలిగించాయి. అందుకని టీకా ఏ చేతికి, ఏ తేదీన వేయించుకున్నారో అడిగి రాసుకోవాలని అప్పట్లో స్కానింగ్ డాక్టర్లకు ప్రపంచమంతటా సూచనలు వచ్చాయి.

నాలుగు అంటే నాలుగో స్టేజీ కాదు

రిపోర్టు చివర "బైరాడ్స్" అని రాసి పక్కన ఒక అంకె వేస్తారు. ఇది అమెరికాలోని రేడియాలజీ డాక్టర్ల సంస్థ 1993లో మొదలుపెట్టిన పద్ధతి. ఇప్పుడు మన కాకినాడలోనైనా, రాజమండ్రిలోనైనా, భీమవరంలోనైనా ఇదే వాడుతున్నారు. ఈ అంకె మన వాళ్లను పెడుతున్న కంగారు అంతా ఇంతా కాదు. "సిస్టర్ గారూ, నాలుగని రాశారండీ, ఇంక లాభం లేదటండీ" అని ఏడుస్తూ వచ్చే తల్లులు ఉన్నారు. అందుకే ఆ అంకెల అర్థం ఇక్కడ రాస్తున్నాము. ఈ కాగితం దాచుకోండి.

సున్నా అంటే ఈ ఫోటో చాలదు, ఇంకో ఫోటో గాని పాత ఫిల్ములు గాని కావాలి అని. 1 అంటే అనుమానించదగ్గది ఏమీ కనబడలేదు. 2 అంటే ఏదో కనబడింది గాని అది క్యాన్సర్ కాదు. 3 అంటే దాదాపుగా మామూలు గడ్డే, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి 2 కంటే ఎక్కువ లేదు, ఆరు నెలలకు మళ్లీ చూపించుకోవాలి. 4 అంటే అనుమానం ఉంది, ముక్క తీసి చూడాలి. 5 అంటే అనుమానం చాలా గట్టిది, నూటికి 95 లేదా అంతకు మించి. 6 అంటే ముక్క పరీక్షలో ముందే క్యాన్సర్ అని తేలింది, చికిత్స కోసం మళ్లీ ఫోటో తీశారు.

ఇందులో 4 అనేది చాలా పెద్ద గంప. నూటికి 2 అవకాశం ఉన్నవారు, 95కు దగ్గరగా ఉన్నవారు అందరూ అందులోనే పడతారు. అందుకని దాన్ని మళ్లీ 4ఎ, 4బి, 4సి అని విడదీస్తారు. 4ఎ అని రాసి ఉన్న నూరుమందిలో తొంభై మందికి పైగా క్యాన్సర్ ఉండదు. స్టేజీ అనేది వేరే లెక్క. క్యాన్సర్ అని రుజువయ్యాక, గడ్డ ఎంత ఉంది, చంకలో బిళ్లలకు చేరిందా, ఇతర అవయవాలకు పాకిందా అని చూసి స్టేజీ చెబుతారు. రుజువు కాని జబ్బుకు స్టేజీ ఉండదు.

మన గోదావరి నేలమీద క్యాన్సర్ వేషం వేసే జబ్బులు

పుస్తకాల్లో ఇలాంటి జబ్బుల జాబితా పొడుగ్గానే ఉంటుంది. మన ప్రాంతపు వాళ్లు తెలుసుకోవలసినవి కొన్ని చెబుతాము.

మొదటిది బోదకాలు జబ్బు. మన గోదావరి జిల్లాలకు దీనితో పాత పరిచయం. ఫైలేరియా మీద పరిశోధనకు, శిక్షణకు కేంద్ర ప్రభుత్వం దేశంలో ఎంచుకున్న కొద్దిచోట్లలో రాజమండ్రి ఒకటి. 2004 నుంచి దేశవ్యాప్తంగా మాత్రల పంపిణీ జరిగింది, ఇంటికి వచ్చి ఎదురుగా మింగించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఈ పురుగులు కాళ్లలోనే ఉంటాయని చాలామంది అనుకుంటారు. రొమ్ములోని నాళాల్లోనూ ఉండగలవు. పురుగు చచ్చిపోయినప్పుడు శరీరం దానిచుట్టూ గట్టి గడ్డ కడుతుంది. చర్మం మందమై బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా మారవచ్చు, చంకలో బిళ్లలు కట్టవచ్చు. సరిగ్గా ఇవే క్యాన్సర్ లక్షణాలు కూడా. బతికి ఉన్న పురుగులైతే అల్ట్రాసౌండ్‌లో మెలికలు తిరుగుతూ కనబడతాయి, దాన్ని డాక్టర్లు ఫైలేరియా డ్యాన్స్ అంటారు. చచ్చిన పురుగులు సున్నం పట్టి మామోగ్రామ్‌లో వంకర టింకర దారాల్లా కనబడవచ్చు. అవేవీ కనబడనప్పుడు సూది పరీక్షే దారి చూపిస్తుంది.

ఈ జబ్బుకు వాడే డీఈసీ మందు వెనుక మన ఊరి మనిషి ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధనాగారానికి నాయకత్వం వహిస్తున్నప్పుడు, 1940లలో ఆయన బృందమే ఆ మందును తెచ్చింది. 1948లో ఆయన అక్కడే కన్నుమూశారు. ఆయన పేరు ఇంకోసారి కూడా చెప్పవలసి వస్తుంది.

రెండోది క్షయ. రాజమండ్రి విశ్రాంతిపురం క్షయ ఆసుపత్రి పేరు మన పెద్దలకు తెలుసు. క్షయ అంటే దగ్గు, ఊపిరితిత్తులు అనే అనుకుంటాం గాని రొమ్ముకూ రావచ్చు. 1829లోనే ఇంగ్లండులో ఆస్ట్లీ కూపర్ అనే సర్జన్ దీన్ని వర్ణించారు. దగ్గు లేకుండా, ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉండి, రొమ్ములో మాత్రం గట్టి గడ్డతో ఇది బయటపడవచ్చు. కొందరికి గడ్డ పగిలి చీము కారుతూనే ఉంటుంది. ఫోటోలో క్యాన్సర్‌కూ దీనికీ తేడా చెప్పడం కష్టం. ముక్క పరీక్షలో క్షయ అని తేలితే సాధారణంగా ఆరు నెలల మాత్రలతో నయమవుతుంది. ఆ మాత్రలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆరు నెలల మాత్రలతో పోయే జబ్బుకు రొమ్ము పోగొట్టుకోవడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

మూడోది నోరు తిరగని పేరుది, గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్. 1972లో డాక్టర్లు దీన్ని వేరే జబ్బుగా గుర్తించారు. బిడ్డకు పాలు మాన్పించిన కొద్ది సంవత్సరాల లోపు, ఇరవై, ముప్పై ఏళ్ల తల్లుల్లో ఎక్కువగా చూస్తాము. గడ్డ రాయిలా ఉంటుంది, చనుమొన లోపలికి లాగవచ్చు, చర్మం ఎర్రబడి అక్కడక్కడ పగలవచ్చు. చూసినవాళ్లెవరైనా భయపడతారు. ఇది క్యాన్సర్ కాదు, ఇతరులకు అంటుకోదు. కాని నెలల తరబడి విసిగిస్తుంది. తొందరపడి కోస్తే మళ్లీ మళ్లీ వచ్చే గుణం దీనికి ఉంది. అందుకే క్షయ కాదని తేల్చుకున్నాక స్టిరాయిడ్ మాత్రలు, అవసరమైతే మెథోట్రెక్సేట్ అనే మందు డాక్టర్లు వాడతారు.

ఈ మెథోట్రెక్సేట్ కూడా సుబ్బారావు గారి బృందం నుంచి వచ్చిందే. దీన్ని క్యాన్సర్‌కు ఎక్కువ మోతాదులో, కీళ్లవాతం వంటి వాపు జబ్బులకు తక్కువ మోతాదులో వాడతారు. మందుల షాపులో "ఇది క్యాన్సర్ మందండి" అని ఎవరైనా అంటే హడలిపోవద్దు. ఒక హెచ్చరిక మాత్రం మేము గట్టిగా చేయాలి. ఈ వాపు జబ్బులకు రాసిన మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదకు వస్తుంది. గర్భిణులు, బిడ్డను కోరుకుంటున్నవారు, పాలిచ్చే తల్లులు ముందుగా డాక్టరుకు చెప్పాలి.

నాలుగోది దెబ్బ వల్ల వచ్చే గడ్డ. గేదె కొమ్ము తగలడం, బండి మీంచి పడటం, చంటిబిడ్డ తల గట్టిగా తగలడం ఏదైనా కావచ్చు. పాత ఆపరేషన్ గాని, రేడియేషన్ గాని కావచ్చు. లోపలి కొవ్వు దెబ్బతిని చచ్చిపోయి, దాని చుట్టూ మచ్చ కడుతుంది. గడ్డ గట్టిగా ఉంటుంది, చర్మాన్ని లోపలికి లాగుతుంది. మామోగ్రామ్‌లో క్యాన్సర్‌ను అచ్చుగుద్దినట్టు కనబడవచ్చు. దెబ్బ తగిలిన సంగతి చాలామందికి గుర్తే ఉండదు. అలాగని "దెబ్బ తగిలింది కదా, అదే అయి ఉంటుంది" అని ఇంట్లో తేల్చేయడమూ తప్పే. దెబ్బ తగిలినప్పుడు చేత్తో తడుముకుని, అంతకుముందే ఉన్న గడ్డను అప్పుడు కనిపెట్టినవారు కూడా ఉంటారు.

ఐదోది షుగరు వల్ల వచ్చేది. చాలా ఏళ్లుగా షుగరు ఉండి, ముఖ్యంగా ఇన్సులిన్ మీద ఉన్నవారికి రొమ్ములో గట్టి గడ్డలు రావచ్చు. అల్ట్రాసౌండ్‌లో వాటి వెనుక దట్టమైన నల్లటి నీడ పడుతుంది. క్యాన్సర్ గడ్డ వెనుక కూడా అలాంటి నీడే పడుతుంది. ముక్క పరీక్షలో ఇదని తేలితే సాధారణంగా కోయనవసరం లేదు. షుగరు ఉన్న అక్కలు ఆ సంగతి స్కానింగ్ డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇవి గాక ఏ దెబ్బా, ఏ క్రిమీ లేకుండానే గ్రంథుల మధ్య నక్షత్రంలా మచ్చ ఏర్పడటం ఒకటి ఉంది. దాన్ని రేడియల్ స్కార్ అంటారు. ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా ఫోటో చూసి ఇది క్యాన్సర్ కాదని చెప్పలేరు. ముక్క తీస్తారు, కొన్నిసార్లు మొత్తం తీసి చూస్తారు.

మామూలు గడ్డ వేషం వేసే క్యాన్సర్

ఇంతవరకు చదివి "అయితే నాదీ ఇలాంటిదే అయి ఉంటుంది" అని ఎవరైనా ఊపిరి పీల్చుకుని ఇంట్లో కూర్చుంటే మేము రాసిందంతా వృథా. ఎందుకంటే ఈ వేషాలు రెండు వైపులా ఉన్నాయి. నొప్పి లేదు కదా అని గడ్డను వదిలేసేవారు మనలో చాలామంది. క్యాన్సర్ గడ్డ మొదట్లో ఎక్కువమందికి నొప్పి పెట్టదు. ఒక రకం క్యాన్సర్ సెగగడ్డలా ఎర్రగా వాచి, వేడిగా ఉంటుంది. దానికి సున్నం, బెల్లం పట్టు వేస్తూ, ఆకు పసరు కడుతూ, ఆర్.ఎం.పి. గారి దగ్గర ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు వేయించుకుంటూ నెలలు గడిపేవారు ఉన్నారు. ఒకటి రెండు వారాలు సరైన మందు వాడినా తగ్గని రొమ్ము వాపుకు ముక్క పరీక్ష తప్పనిసరి. బిడ్డకు పాలిచ్చే తల్లయినా సరే.

ఫోటో బాగుందని వచ్చినా, చేతికి గడ్డ తగులుతూనే ఉంటే అంతటితో ఆగకూడదు. మామోగ్రామ్‌లో కనబడని క్యాన్సర్లూ ఉంటాయి. అందుకే డాక్టర్లు మూడు సాక్ష్యాలు అడుగుతారు. చేత్తో చూసిన పరీక్ష ఒకటి, ఫోటో ఒకటి, ముక్క ఒకటి. మూడూ ఒకే మాట చెబితేనే కేసు తేలినట్టు. ఫోటో గట్టిగా క్యాన్సర్ అంటూ, ముక్క కాదంటే, "హమ్మయ్య" అని ఫైలు మూసేయరు. సూది సరైన చోట పడిందా అని మళ్లీ చూస్తారు, అవసరమైతే మళ్లీ ముక్క తీస్తారు. రెండోసారి రమ్మన్నారని కోపం తెచ్చుకోవద్దు. అది డబ్బుకోసం కాదు, మీ గురించిన జాగ్రత్త.

సూదికి భయపడవద్దు

"సూది గుచ్చితే గడ్డ రేగుతుందటండీ, ఒళ్లంతా పాకుతుందటండీ" అనే మాట మన పల్లెల్లో ఎవరు మొదలుపెట్టారో గాని, దానివల్ల జరిగిన నష్టానికి లెక్కలేదు. ప్రపంచమంతటా దశాబ్దాలుగా లక్షలాది మందికి ఈ పరీక్ష చేస్తున్నారు. సూది పరీక్ష వల్ల క్యాన్సర్ ముదిరి ఆయుష్షు తగ్గుతుందన్న మాటకు ఆధారం లేదు. పరీక్ష చేయించుకోకుండా గడిపే నెలల్లో మాత్రం క్యాన్సర్ నిజంగానే పాకుతుంది.

పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాము. ముందు గడ్డ ఉన్నచోట తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు, అది చీమ కుట్టినట్టు ఉంటుంది. తరువాత స్కానింగులో చూసుకుంటూ కొంచెం లావు సూదితో అగ్గిపుల్ల కంటే సన్నటి ముక్కలు నాలుగైదు తీస్తారు. ప్రతిసారీ టప్ మని శబ్దం వస్తుంది, ఉలిక్కిపడవద్దు. అరగంటలోపు పూర్తవుతుంది. కుట్లు ఉండవు. పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకుని కట్టు కడతాము. రెండు మూడు రోజులు అక్కడ కమిలినట్టు ఉండవచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ముందే చెప్పాలి, వాటిని సొంతంగా మానకూడదు. రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. క్షయ అనుమానం ఉంటే అదనపు పరీక్షలకు ఇంకొన్ని రోజులు కావచ్చు. సన్నని సూదితో కణాలు లాగే పరీక్ష కూడా ఒకటి ఉంది. కొన్ని జబ్బులకు అది చాలదు. మీకు ఏది కావాలో డాక్టరు చెబుతారు.

ముక్క పరీక్ష లేకుండా "గడ్డ కోసేద్దాం, పీడా పోతుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అది క్యాన్సర్ అయితే ఆ అడ్డగోలు కోత తరువాత సరైన ఆపరేషన్‌ను కష్టం చేస్తుంది. గ్రాన్యులోమా అయితే పుండు మానక ఏడిపిస్తుంది. క్షయ అయితే మాత్రలతో పోయేదానికి కత్తి పెట్టినట్టు. క్యాన్సర్ అని తేలినా నష్టపోయేది లేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. అక్కడ కూడా ముందు చూసేది బయాప్సీ రిపోర్టునే.

ఈ "ముందు నిర్ధారణ, తరువాత కోత" అనే పద్ధతి స్త్రీలు అడిగి సాధించుకున్నది. 1970ల వరకు అమెరికాలో కూడా ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉండగానే ముక్క తీసి, అప్పటికప్పుడు చూసి, క్యాన్సర్ అనిపిస్తే అదే మత్తులో రొమ్ము తీసేసేవారు. లేచేసరికి రొమ్ము ఉంటుందో ఉండదో తెలియకుండా స్త్రీ కళ్లు మూసుకునేది. 1974లో తనకు గడ్డ వచ్చినప్పుడు రోజ్ కుష్నర్ అనే పత్రికా రచయిత్రి దీనికి ఒప్పుకోలేదు. ముందు ముక్క తీయండి, రిపోర్టు నాకు చెప్పండి, ఏంచేయాలో నేను ఆలోచించుకుంటాను అని పట్టుబట్టింది. 1979లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల బృందం ఆ రెండు మెట్ల పద్ధతే సరైనదని చెప్పింది. వారు పోట్లాడి తెచ్చుకున్నది మనకు అడగకుండానే దొరుకుతుంటే, మనమే సూది వద్దని పారిపోవడం న్యాయమా?

ఇంటికి, సంఘానికి ఒక మనవి

ఇక మా అసలు బాధ చెబుతాము. రిపోర్టు రాకముందే కబురు ఊరు దాటుతుంది. స్కానింగ్ అయిన సాయంత్రానికి ఫోన్లు మొదలవుతాయి. ఆదివారం ప్రార్థన మనవుల్లో "ఫలానా సహోదరికి క్యాన్సర్" అని పేరు చదువుతారు. చదివినవారి మనసు మంచిదే. కాని పది రోజుల తరువాత అది క్షయ గడ్డ అనో, కొవ్వు గడ్డ అనో తేలితే, ఆ కబురును వెనక్కి తెచ్చేదెవరు? పెళ్లి మాటలు నడుస్తున్న పిల్ల అయితే అవతలివాళ్లు మౌనంగా తప్పుకుంటారు. కొత్త కోడలైతే పుట్టింటికి పంపుతారు. జబ్బు పోతుంది గాని పేరు పోదు. రేపు ఇంకో అమ్మాయికి గడ్డ తగిలితే, ఇదంతా చూసిన భయంతో ఆమె ఎవరికీ చెప్పదు. ఆమెది నిజంగా క్యాన్సర్ అయితే ఆ మౌనమే ఆమె ప్రాణం తీస్తుంది. మాట జారడం వల్ల వచ్చే నష్టం అంతదూరం పోతుంది.

అందుకని సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కలకు మా మనవి. ప్రార్థన చేయండి, మానవద్దు. "ఒక సహోదరి పరీక్షలు చేయించుకుంటున్నారు" అంటే చాలు. పేరూ వద్దు, జబ్బు పేరూ వద్దు. చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది ఆమె ఇష్టం. క్యాన్సర్ అని తేలినా ఆ హక్కు ఆమెదే.

భర్తలకు, అన్నదమ్ములకు ఇంకో మనవి. చాలామంది మా దగ్గరకు వచ్చేటప్పుడు ఆడపడుచునో, పక్కింటి అక్కనో వెంటబెట్టుకుని వస్తారు. "కోతలయ్యాక వస్తానన్నారండీ" అంటారు. వరికోతలు ఎప్పుడూ ఉంటాయి. ముక్క పరీక్ష రోజున పక్కన కూర్చోండి. రిపోర్టు వచ్చేరోజున కూడా రండి. "ఏమైనా సరే వైద్యం చేయిద్దాం" అన్న మీ ఒక్క మాటకు ఎంత బలం ఉందో మీకు తెలియదు, మేము రోజూ చూస్తున్నాము.

క్యాన్సర్ కాదని తేలినవారికి కూడా రెండు మాటలు. ఫిల్ములు, సీడీలు, ముక్క పరీక్ష రిపోర్టు పారేయకండి. బియ్యం డబ్బా మీదో, అటక మీదో కాదు, పట్టా కాగితాలు దాచినచోట దాచండి. రేపు ఇంకో ఊళ్లో, ఇంకో డాక్టరు ఫోటో తీసి అనుమానపడితే, ఆ పాత ఫిల్ము చూపిస్తే సగం భయం అక్కడే తీరుతుంది. పాత మచ్చ మారకుండా ఉందా, కొత్తది వచ్చిందా అన్నది పోల్చి చూస్తేనే తెలుస్తుంది. ఆరు నెలలకు రమ్మంటే ఆరు నెలలకు రండి. ఒకసారి కాదని తేలిన మాత్రాన జీవితాంతం రాదని కాదు. కొత్త గడ్డ వస్తే అది కొత్త కేసే, మళ్లీ మొదటినుంచి చూపించుకోవాలి.

ఈ పేజీ చదివిన తరువాత మీ ఇంట్లో గాని, వీధిలో గాని గడ్డ ఉందని దాచుకుంటున్న తల్లి ఎవరైనా గుర్తుకొస్తే, ఆమెకు జబ్బు పేరు చెప్పవద్దు, ధైర్యమూ చెప్పవద్దు. "పద అక్కా, నేనూ వస్తాను" అని చెప్పి బస్సు ఎక్కించండి. ఓపీలో నర్సులు ఆడవాళ్లే ఉంటారు, పరీక్ష జరిగేచోట తెర ఉంటుంది, ఆమె చెప్పిన మాట బయటకు పోదు. మిగతాది ముక్క చెబుతుంది.